అప్‌డేట్: ఉదయగిరి, మైపాడు ట్రిప్‌కి రెండు రోల్స్ చాలాయా?

నెల్లూరు నుంచి మైపాడు, ఉదయగిరి తిరిగి రావడానికి రెండు ఫిల్మ్ రోల్స్ చాలతాయా అని పోయిన నెల అడిగింది నేనే. చాలడమేంటి, ఒకటి మిగిలింది కూడా.

మైపాడులో సూర్యోదయం, వలలు లాగేవాళ్లు, పడవలు... ఒక్కో ఫొటోకి ఊపిరి బిగబట్టి మరీ తీశాను. ఫొటోలు లెక్కపెట్టే కౌంటర్ 38 దాటినా 36 ఫొటోల రోల్ అయిపోలేదు. అప్పుడు అనుమానమొచ్చి ఫిల్మ్‌ని వెనక్కి చుట్టే రివైండ్ నాబ్ తిప్పితే వదులుగా గిరగిరా తిరిగింది. ఫిల్మ్ కొస అసలు దాన్ని లాగి చుట్టుకునే స్పూల్‌కి పట్టుకోనేలేదు! లోడ్ చేశాక ఫిల్మ్‌ని ముందుకు జరిపే లీవర్ లాగినప్పుడు ఆ నాబ్ కూడా తిరుగుతోందా అని చూసుకోమని మీలో ఒకరు చెప్పారు కూడా. వింటేగా. రోల్ మాత్రం ఖాళీగానే ఉంది కాబట్టి డబ్బు పోలేదు, సూర్యోదయమే పోయింది.

అదే రోల్ మళ్లీ ఎక్కించి ఉదయగిరి కొండెక్కాను. 200 ఐఎస్‌ఓ (వెలుతురుకి ఫిల్మ్ ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) ఫిల్మ్‌కి మిట్టమధ్యాహ్నం ఎఫ్/16 (లెన్స్ రంధ్రం సైజు), షట్టర్ 1/250 సెకను పెట్టమన్న సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. కోట గోడల రాళ్లు గరుకుతో సహా వచ్చాయి.

లెక్క: రోల్ 1,100, డెవలపింగ్, స్కానింగ్ 600, కొరియర్ 150. ఫొటోకి 51 రూపాయలు పైనే. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.