వాషర్ మార్చినా సింక్ కుళాయి కారుతూనే ఉంది

చుక్కలరాయుడు: కట్టేసినా మూతిలోంచి చుక్కలు పడుతున్నాయి. కొత్త వాషర్ వేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇంకోటి, పానా పట్టినప్పుడు పైపూత గీసుకుపోకుండా ఏం చేస్తారు?

గేట్‌వాల్వ్: టెఫ్లాన్ టేప్ గట్టిగా చుట్టండి. మాకు దాంతోనే ఆగింది.

పానాపట్టు: ఎక్కడ చుట్టారు సార్? టేప్ పని మరలున్న చోట లీకుకి. మూతిలోంచి కారితే లోపల వాషరో, అది కూర్చునే సీటో పోయినట్టు. ఈ పనితోనే బతుకుతున్నా, నాకు చెప్పకండి.

గేట్‌వాల్వ్: ఆగిందని చెప్తున్నా కదా! మా ఇంట్లో కుళాయి సంగతి మీకెలా తెలుసు?

వంటింటిమెకానిక్: మాది పావు తిప్పుతో తెరుచుకునే రకం. అందులో మామూలు వాషర్ ఉండదు, సెరామిక్ డిస్కుల కాట్రిడ్జ్ ఉంటుంది. మా ఆయన "నీవల్ల కాదు" అన్నారు. పాత కాట్రిడ్జ్ పట్టుకెళ్లి అచ్చం అలాంటిదే తెచ్చి బిగించాను. స్పిండిల్, అంటే పిడి కూర్చునే కడ్డీ, దాని పళ్లు సరిపోవాలి. 20 పళ్లవీ ఉంటాయి, 24 పళ్లవీ ఉంటాయి. తేడా వస్తే పిడి కూర్చోదు. ఇప్పుడు ఆయనే రోజూ తిప్పుతున్నారు, ఒక్క మాట లేదు.

సవ్యసాచి: టేప్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మర కొస మీవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. లేకపోతే బిగిస్తున్నప్పుడే ఊడొస్తుంది.

గేట్‌వాల్వ్: ఎటు చుట్టినా ఒకటే.

ఎడమచెయ్యి: నాది ఎడమచేతి వాటం. అపసవ్యంగా చుట్టాలా?

పానాపట్టు: చెయ్యి ఏదైనా మర తిరిగే దిక్కు మారదు బాబూ.

ఎడమచెయ్యి: అడిగితే వెటకారమా? అన్నీ తెలిసినవాళ్లకి ఫోరం ఎందుకు?

సవ్యసాచి: ఇద్దరూ ఆగండి. గేట్‌వాల్వ్ గారూ, విప్పి మళ్లీ బిగించినప్పుడు స్పిండిల్ సరిగ్గా కూర్చుని ఉంటుంది, ఘనత టేప్‌కి పోయింది.

గేట్‌వాల్వ్: మళ్లీ అదే మాట!

చుక్కలరాయుడు: అయ్యా, నా కుళాయి సంగతి?

పానాపట్టు: ముందు సింక్ కింద యాంగిల్ వాల్వ్ కట్టేయండి. సింక్ కన్నంలో గుడ్డ కుక్కండి, స్క్రూ జారిపడితే పైపులోకి పోతుంది. స్పిండిల్ తీసి లోపల సీటు మీద వేలితో తడమండి. గరుకుగానో గాడిగానో తగిలితే అదే కొత్త వాషర్‌ని కోసేస్తోంది. సీటు గ్రైండర్ అని చిన్న పనిముట్టు దొరుకుతుంది. నిటారుగా పెట్టి, నున్నబడేదాకా మెల్లగా తిప్పండి. ఎక్కువ అరగదీస్తే కుళాయే పారేయాలి. తర్వాత ఆగలేదని బలంగా బిగించే అలవాటు మానండి, వాషర్లు నలిగేది దానివల్లే.

వంటింటిమెకానిక్: స్పిండిల్ చుట్టూ ఉండే రబ్బరు రింగుకి (ఓ-రింగు) వ్యాజ్‌లిన్ రాయొద్దు, కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు రాయండి.

చుక్కలరాయుడు: తడిమాను. గోరు ఇరుక్కునేంత గాడి ఉంది! సీటు గ్రైండర్‌కి ఏ సైజు కట్టర్ కావాలి?

పానాపట్టు: సీటు మొత్తాన్ని కప్పేది.

కొత్తసభ్యుడు: ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. షవర్ కట్టేశాక కాసేపు కారి ఆగిపోతుంది. అదీ వాషరేనా?

సవ్యసాచి: ఆగిపోతోంది కదా, గొట్టంలో నిలిచిన నీళ్లే అవి. ఏమీ విప్పకండి.