మెమరీ చిప్‌లో తప్పులు దిద్దే కోడ్‌కు పేటెంట్ ఇవ్వాల్నా, లెక్కల సూత్రమని కొట్టేయాల్నా?

నల్లగొండ_ఈసీఈ
పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, వట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్, అల్గారిథం ఆవిష్కరణల కిందికి రావు. మరి మెమరీలో తప్పులు దిద్దే కోడ్, అదే ఈసీసీ, దాని సంగతేంది? వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) ప్రాజెక్టులు చేసే మన దిక్కు కాలేజీల పిల్లలకు పనికొస్తదని చర్చకు ఒక నమూనా క్లెయిమ్ (దేని మీద హక్కు కావాల్నో చెప్పే వాక్యం) పెడుతున్న.

డీడీఆర్5 అనే మెమరీ చిప్ లోపలి ఈసీసీ 128 డేటా బిట్లకు 8 చెక్ బిట్లు (తప్పు పట్టే అదనపు బిట్లు) కలుపుతది. చదివేటప్పుడు ఒక్క బిట్ తప్పుంటే దిద్దుతది. రెండు తప్పులుంటే మాత్రం ఒక్కోసారి మంచిగున్న మూడో బిట్‌ను తిప్పేసి, రెండు తప్పులను మూడు చేస్తది. ఏ బిట్ ఏ చెక్ బిట్ల లెక్కలోకి వస్తదో చెప్పే పట్టికే కోడ్ మ్యాట్రిక్స్, అందులో ఒక్కో బిట్‌కు ఒక్కో నిలువు వరుస; సెల్ అంటే చిప్‌లో ఒక బిట్ దాచే చోటు. నమూనా క్లెయిమ్ ఇదీ: "పక్కపక్క సెల్స్ రెండూ ఒకేసారి చెడినప్పుడు మూడో బిట్ జోలికి పోకుండా కోడ్ మ్యాట్రిక్స్ నిలువు వరుసలను ఎంచుకునే పద్ధతి."

ఇవ్వాల్నా, కొట్టేయాల్నా? కారణం చెప్పి రాయండి.

మిర్యాలగూడ_వకీల్
ఇలా రాస్తే కొట్టేయాల్సిందే. 3(కె)లో "పర్ సే" (దానికదే, వట్టి) అన్న మాట 2002 సవరణతో వచ్చింది. అది కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు మాత్రమే తగిలించి ఉంది. గణిత పద్ధతికి గానీ అల్గారిథానికి గానీ ఆ వెసులుబాటు లేదు. ఫెరిద్ అల్లానీ కేసులో 2019 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు సాంకేతిక ఫలితం చూడాలన్నది కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే ఆవిష్కరణల సందర్భంలో. నిలువు వరుసలు ఎంచుకోవడం సున్నాలు, ఒకట్లతో చేసే లెక్క. కాగితం మీద కూర్చుని చేయవచ్చు. దానికి 20 ఏళ్ల గుత్తహక్కు ఇస్తే ఆ లెక్క వాడుకునే ప్రతివాడూ రాయల్టీ కట్టాలి.

సూర్యాపేట_ఆర్టీఎల్
వకీల్ సాబ్, లెక్క కాగితం మీద అయితది, ఒప్పుకుంట. కానీ ఆ లెక్కకు హద్దు ఏడ పడుతున్నదో చూడండి.

చదివేటప్పుడు చెక్ బిట్లను మళ్ల లెక్కేస్తే వచ్చే తేడానే సిండ్రోమ్. 8 చెక్ బిట్లంటే సిండ్రోమ్‌లు 256. సున్నా వస్తే తప్పు లేనట్టు. 136 బిట్లకు (128+8) తలా ఒకటి పోతే, వాడనివి 119 మిగులుతయి. రెండు బిట్లు చెడితే వచ్చే సిండ్రోమ్ ఆ రెండు నిలువు వరుసల ఎక్స్‌ఆర్ (రెండూ వేరుగా ఉన్న చోట ఒకటి, ఒకేలా ఉన్న చోట సున్నా). అది 136లో దేనితోనన్నా కలిస్తే, తప్పు దిద్దే డీకోడర్ ఆ మూడో బిట్‌ను తిప్పుతది. 119లో పడితే దేన్నీ ముట్టదు.

రెండు తప్పులన్నిటినీ పట్టాలంటే షావో అనే పరిశోధకుడు 1970లో చూపిన బాట ఉంది: ప్రతి నిలువు వరుసలో ఒకట్ల సంఖ్య బేసిగా ఉంచాలె. అప్పుడు రెండింటి ఎక్స్‌ఆర్‌లో ఒకట్లు ఎప్పుడూ సరి సంఖ్యే, ఏ బిట్‌తోనూ కలవదు. 64 బిట్లకు 8 చెక్ బిట్లు పెట్టి 72 చేసే సర్వర్ మెమరీ దీనికి సరిపోతది. ఇక్కడ సరిపోదు. 8 బిట్లలో బేసి వరుసలు 128 మాత్రమే, మనకు కావలసినవి 136. ఎనిమిది తక్కువ పడుతున్నయి. తొమ్మిదో చెక్ బిట్ పెడితే తీరుతది, కానీ ప్రతి 128 బిట్లకు ఒక సెల్ చొప్పున చిప్ అంతటా పెరుగుతది.

కాబట్టి 8 వరుసలలో ఒకట్లు సరి సంఖ్యలో ఉండక తప్పదు. ఒకటి బేసి, ఒకటి సరి అయిన జంట చెడితే ఎక్స్‌ఆర్ బేసి. బేసివన్నీ వాడేసినం కాబట్టి మూడో బిట్ తిరిగినట్టే. బేసి సెల్స్ అన్నీ ఒక దిక్కు, సరి సెల్స్ ఎనిమిదీ ఒక దిక్కు పెట్టి, రెండు గుంపుల నడుమ హద్దును సబ్‌అర్రే (సెల్స్ బ్లాక్) అంచు మీద, అంటే రెండు సెల్స్ ఆనుకొని ఉండని చోట పడేస్తే ఆ ప్రమాదం పోతది. గుంపుల లోపల పక్కపక్క వరుసల ఎక్స్‌ఆర్ 119లో పడేటట్టు పేర్చడం కష్టం కాదు. హద్దు ఏడ పడాల్నో చిప్ నిర్మాణం చెప్తది, గణితం చెప్పదు. సాగర్ ఎడమ కాల్వ మీద తూము ఏడ పెట్టాల్నో లెక్కతోనే తేలుతది గాని, తూము లెక్క కాదు గదా.

పాలమూరు_ఏజెంట్
ఆర్టీఎల్ అన్న చెప్పింది సరైన దారి. నమూనా క్లెయిమ్‌లో మాత్రం అందులో ఒక్క ముక్క లేదు. "ఎంచుకునే పద్ధతి" అని మొదలుపెడితే, దరఖాస్తును పరీక్షించే ఎగ్జామినర్ 3(కె) అభ్యంతరం రాయడానికి ఇంకో కారణం వెతుక్కునే పని లేదు.

యూరప్ పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాలలో, డేటాను నమ్మకంగా నిల్వ చేయడానికి, పంపడానికి వాడే ఎన్‌కోడింగ్‌ను గణితం సాంకేతిక ప్రయోజనం ఇచ్చే ఉదాహరణలలో ఒకటిగా పెట్టినరు. అమెరికాలో 2014లో కాల్టెక్, హ్యూస్ కేసులో కాలిఫోర్నియా జిల్లా కోర్టు ఎర్రర్ కరెక్షన్ క్లెయిమ్‌లు పేటెంట్‌కు అర్హమైనవే అన్నది. అవి మన పేటెంట్ కంట్రోలర్‌ను (దరఖాస్తు తేల్చే అధికారిని) కట్టేయవు, కానీ వాదనలో చూపించుకోవచ్చు.

ఇంకొక గుంత కూడా ఉంది. 3(కె) తప్పించుకుందామని "ఈ లేఅవుట్" అని క్లెయిమ్ చేస్తే 3(ఓ) తగులుతది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ టోపోగ్రఫీకి (చిప్ మీది అమరికకు) పేటెంట్ లేదు, దానికి 2000 నాటి లేఅవుట్ డిజైన్ చట్టం వేరే ఉంది, రక్షణ 10 ఏళ్లు. సెల్స్ బొమ్మను క్లెయిమ్ చేయొద్దు. సెల్ అర్రే, సిండ్రోమ్ జనరేటర్, డీకోడర్, వీటి నడుమ ఏ లైన్ ఏ సెల్‌కు పోతది, ఆ కనెక్షన్ వల్ల ఏ తప్పు ఆగుతది, ఇవి రాయాలె. "ప్రోగ్రామ్ నిల్వ చేసిన మీడియం" అన్న క్లెయిమ్ పెట్టనే వద్దు.

మిర్యాలగూడ_వకీల్
పరికరంగా రాస్తే 3(కె) బలం తగ్గుతుందని ఒప్పుకుంటాను. అప్పుడు అసలు అడ్డంకి 2(1)(జెఎ), అంటే ఆవిష్కరణ మెట్టు (ఆ రంగం తెలిసినవారికి ఇట్టే తోచనిదై ఉండాలన్న షరతు). బేసి వరుసలు 1970 నాటివి. పక్కపక్క రెండు బిట్ల తప్పులను దిద్దే కోడ్‌ల మీద 2007లోనే పరిశోధనా పత్రం ఉంది. ఈ రెండూ చేతిలో ఉన్న ఇంజనీర్‌కు సరి వరుసలను పక్కకు పెట్టాలని తోచదా? ఎగ్జామినర్ అడిగేది ఇదే.

సూర్యాపేట_ఆర్టీఎల్
2007 పత్రంలోని కోడ్ రెండు తప్పులన్నిటినీ పట్టి, అందులో పక్కపక్కవాటిని దిద్దేది. అంటే అన్ని వరుసలూ బేసివే ఉండేంత చోటు చెక్ బిట్లలో ఉన్న సందర్భం. చోటు చాలనప్పుడు ఏం చేయాల్నో అది చెప్పదు.

కానీ ఈ వాదన వట్టి మాటలతో నిలబడదు, అంకెలు కావాలె. 128 బేసి వరుసలు తీసుకుంటే అడ్డవరుసకు (అంటే ఒక్కో చెక్ బిట్‌కు) 64 ఒకట్లు. సరి వరుసలు ఎనిమిదీ రెండేసి ఒకట్లతో సమంగా పంచితే అడ్డవరుసకు ఇంకో రెండు, మొత్తం 66. చెక్ బిట్ తనది తీసేస్తే, చెక్ బిట్లను లెక్కేసే ఎన్‌కోడర్‌కు 65 ఇన్‌పుట్లు. రెండు ఇన్‌పుట్ల ఎక్స్‌ఆర్ చెట్టులో 64 దాకా ఆరు మెట్లు చాలు, 65కు ఏడో మెట్టు పడతది. ఆ ఒక్క గేటు ఆలస్యం మెమరీలోకి రాసే దారిలో కూర్చుంటది. ఇది దాచిపెట్టకుండా రాసి, తొమ్మిదో చెక్ బిట్ పెట్టిన దానితో పోల్చి, విస్తీర్ణం, ఆలస్యం రెండూ పట్టికలో చూపాలె. "పనితీరు మెరుగైంది" అన్న ఒక్క వాక్యం చూసి ఎగ్జామినర్ ఒప్పుకోడు, ఒప్పుకోవద్దు కూడా.

గద్వాల_సిలికాన్
ఇంత కష్టం ఎందుకన్నా? చిప్ లోపలి ఈసీసీ బయటికి కనిపించదు. మ్యాట్రిక్స్ ఏదైనా పెట్టుకునే స్వేచ్ఛ తయారీదారుకు ఉంది. రహస్యంగా పెట్టుకుంటే సరిపాయె. పేటెంట్ తీసుకున్నా ఎవడు వాడుతున్నడో ఎట్ల పట్టుకుంటవ్?

సూర్యాపేట_ఆర్టీఎల్
తమ్మీ, పట్టుకోవచ్చు. 2020లో ఈటీహెచ్ జ్యూరిక్ వాళ్ల పరిశోధన దీని మీదనే. రిఫ్రెష్ (సెల్స్‌కు మళ్లమళ్ల చార్జ్ నింపడం) ఆపితే సెల్స్‌లో చార్జ్ కారిపోయి తప్పులు వస్తయి. తెలిసిన నమూనాలు రాసి, దిద్దబోయి ఈసీసీ ఎక్కడెక్కడ మంచి బిట్లను తిప్పుతున్నదో చూస్తే, లోపలి మ్యాట్రిక్స్‌ను చిప్ విప్పకుండనే తేల్చొచ్చు. అంటే నువ్వు దాచిన రహస్యం కూడా అట్లనే బయటపడతది. అందుకే రహస్యం మీద ఆధారపడడం పేటెంట్ కన్నా బలహీనం.

పాలమూరు_ఏజెంట్
పిల్లల కోసం దరఖాస్తు సంగతి చెప్త. మనకు చెన్నై ఆఫీసు. విద్యాసంస్థకైనా, వ్యక్తికైనా ఆన్‌లైన్ దాఖలు ఫీజు 1,600, ఎగ్జామినేషన్ కోరే ఫారం 18కి 4,000. పరీక్ష నివేదిక వచ్చినంక జవాబుకు 6 నెలలు, గడువు దాటకముందే ఫారం 4 వేస్తే ఇంకో 3 నెలలు. హియరింగ్ అయినంక రాతపూర్వక వాదనకు 15 రోజులే.

ఎక్కువ మంది చెడగొట్టుకునేది ముందే. ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో పోస్టర్ పెట్టినంక దాఖలు చేస్తే కొత్తదనం పోయినట్టే. సెక్షన్ 31లో 12 నెలల మినహాయింపు ఉంది గానీ, అది విద్వత్సంఘం ముందు చదివిన పత్రానికో, కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనకో వర్తిస్తది. కాలేజీ ఎక్స్‌పో అందులోకి రాదు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేయండి, 12 నెలల లోపల పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ).

ఆ పూర్తి స్పెసిఫికేషన్‌లో 136 నిలువు వరుసలూ పట్టికగా ఉండాలె, ఏ వరుస ఏ భౌతిక సెల్‌కు పోతదో కూడా. లాజికల్ బిట్ నంబరు పక్కన ఉన్నంత మాత్రాన సెల్ పక్కన ఉండదు, చిప్ లోపల అమరిక వేరు. ఇది దాఖలు నాడు లేకపోతే, సెక్షన్ 59 ప్రకారం తర్వాత కొత్త విషయం చేర్చనియ్యరు. క్లెయిమ్‌ను కుదించొచ్చు, తప్పు దిద్దొచ్చు, వివరించొచ్చు, అంతే.

మిర్యాలగూడ_వకీల్
136 వరుసల పట్టిక ఒకటే ఇచ్చి, క్లెయిమ్‌లో "ఎన్ని బిట్లకైనా" అని రాస్తే నేను వ్యతిరేకిస్తాను. 128+8కు చూపించినది 128+8కే. 256 బిట్లకు హద్దు ఎక్కడ పడుతుందో వేరుగా చూపించాలి, లేకపోతే 10(4) (వివరణ చాలదని), 10(5) (క్లెయిమ్‌కు వివరణలో ఆధారం లేదని) రెండు అభ్యంతరాలూ వస్తాయి. పేటెంట్ దక్కితే ఆ మేరకే దక్కాలి.

సూర్యాపేట_ఆర్టీఎల్
వకీల్ సాబ్, బిట్ల సంఖ్యకు హద్దు పెట్టడం నాకూ సమ్మతమే. ఆ పట్టిక మాత్రం ఒకటే తీరు ఉండనక్కర లేదు, 128+8లోనే సరి వరుసలను వేర్వేరుగా ఎంచుకున్న మూడు ఉదాహరణలిస్తే క్లెయిమ్‌కు ఆ మేరకు వెడల్పు దొరుకుతది. ఇంకొకటి మిగిలింది: సిండ్రోమ్ 119లో పడినప్పుడు డీకోడర్ ఊరుకుంటదా, మెమరీ కంట్రోలర్‌కు (మెమరీని నడిపే సర్క్యూట్‌కు) చెప్తదా? చెప్తే ఏ రిజిస్టర్‌లో రాస్తది, ఎప్పుడు తుడుస్తది? నల్లగొండ సార్, మీ నమూనా క్లెయిమ్‌లో అది లేదు. అది చేర్చి మళ్ల పెట్టండి, అప్పుడు క్లెయిమ్ మాటల మీద కొట్లాడుదం.