ప్రాసిక్యూటర్ల ‘ఇమ్యూనిటీ’: రక్షణా, మినహాయింపా?

ప్రశ్న: అమెరికాలో ప్రాసిక్యూటర్లకున్న ‘ఇమ్యూనిటీ’ గురించిన వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. ‘చట్టపరమైన రక్షణ’ అని రాశాను గానీ తృప్తి కలగలేదు. ‘శిక్షాతీతత’ అనవచ్చునా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: ‘శిక్షాతీతత’ వద్దండి, అర్థమే మారిపోతుంది. 1976లో ఇంబ్లర్ వర్సెస్ పాక్ట్‌మన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, కేసు పెట్టడంలోనూ దానిని కోర్టులో నడపడంలోనూ ప్రాసిక్యూటర్ చేసిన పనికి, తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం ప్రవేశపెట్టారన్న ఆరోపణ ఉన్నా సరే, 1871 నాటి పౌరహక్కుల చట్టం కింద నష్టపరిహారం కోరుతూ ఆ అధికారి మీద దావా నడపడానికి వీల్లేదు. అయితే బుద్ధిపూర్వకంగా హక్కులను కాలరాసిన ప్రాసిక్యూటర్ మీద క్రిమినల్ కేసు పెట్టవచ్చునని, వృత్తిపరమైన క్రమశిక్షణ చర్యలూ తీసుకోవచ్చునని ఆ తీర్పే చెప్పింది. తప్పిపోయింది దావా ఒక్కటే, శిక్ష కాదు.

‘రక్షణ’ మీద నా అభ్యంతరం వేరు. ఆ మాట వినగానే ఆపదలో ఉన్న మనిషి కళ్లముందు మెదులుతాడు; ఎవరి నుంచి రక్షణ అని ఆలోచిస్తే, తప్పుడు కేసులో జైలుపాలై బయటికి వచ్చినవాడే ఆ ఆపద అని తేలుతుంది. ఇది అన్యాయం. ‘మినహాయింపు’ అంటే మాత్రం, అందరికీ వర్తించే నియమం ఒకటుందని, ఇక్కడ ఒకరిని దాని నుంచి తప్పించారని తెలుస్తుంది. లాటిన్‌లోనూ ‘మూనుస్’ అంటే విధి, భారం. అది లేనివాడు ‘ఇమ్మూనిస్’. కనుక నేనైతే ‘దావా మినహాయింపు’ అని రాస్తాను. దావాల భయం వెంటాడితే ప్రాసిక్యూటర్ స్వతంత్రంగా నిర్ణయాలు తీసుకోలేరన్న కోర్టు వాదనలో బలముంది, కాదనను. కానీ దానిని వాదనగానే పాఠకుడి ముందుంచాలి తప్ప, అనువాదంలో ఎంచుకున్న మాటతోనే ఒప్పేసుకోకూడదు. అప్పుడే అదే వ్యాసంలో ‘సమన్యాయ పాలన’ అన్న మాట వచ్చినచోట, ఈ రెండూ ఎలా పొసగుతాయన్న ప్రశ్న పాఠకుడికి తడుతుంది.

ప్రశ్న: బాగుందండి, ‘రక్షణ’ తీసేస్తాను. మరి ఇందులో ‘అబ్సొల్యూట్’, ‘క్వాలిఫైడ్’ అని రెండు రకాలు చెబుతున్నారు కదా, వాటిని ‘సంపూర్ణ’, ‘పరిమిత’ అంటే సరిపోతుందా?

జవాబు: ‘సంపూర్ణ’ సరే. రెండోదానికి ‘షరతులకు లోబడిన’ అనండి, ఎందుకంటే అక్కడున్నది కొలత కాదు, షరతు: అప్పటికే స్పష్టంగా స్థిరపడిన హక్కును ఉల్లంఘించి ఉంటే ఆ మినహాయింపు దక్కదు. పైగా ఏది వర్తిస్తుందన్నది పదవిని బట్టి కాక, చేసిన పనిని బట్టి ఉంటుంది. విలేకరులతో అన్న మాటలకూ, పోలీసులు చేసే తరహా దర్యాప్తుకూ సంపూర్ణ మినహాయింపు లేదని 1993లో బక్లీ వర్సెస్ ఫిట్జ్‌సిమన్స్ కేసులో అదే కోర్టు తేల్చింది. అందుచేత మీ వ్యాసంలో ‘ప్రాసిక్యూటర్లకు మినహాయింపు’ అని ఉన్న ప్రతిచోటా, ఏ పనికి అన్నది కూడా చేర్చండి.