ఓటుకత్తెనా, ఓటుగత్తెనా?

గోదారి గట్టు:
పెద్దలకు నమస్కారం. ఒక వాక్యం పంటి కింద రాయిలా సతాయిస్తోంది. అట్ట ఊడిపోయిన పాత మాసపత్రికలో, ఇంగ్లండు ఆడవాళ్ళ ఓటు పోరాటం మీద వ్యాసంలో చదివాను. "ఓటు ఇప్పించండి అనేది సఫ్రజిస్టు, ఇచ్చేదాకా కదలనిది ఓటు...త్తె" అని. ఆ మధ్యనున్నది 'క'నా, 'గ'నా? తెలిసినవాళ్ళు చెప్పి పుణ్యం కట్టుకోండి.

తెనాలి వాణ్ణి:
అనుమానం దేనికండీ? అందగత్తె, మొనగత్తె, ఓటుగత్తె.

బాలవ్యాకరణ బాధితుడు:
మరి చెలికత్తెను, పనికత్తెను ఏ ఏట్లో కలుపుతారు మాస్టారూ? ముందు ఉకారం ఉన్న మాటే కావాలంటే సొగసుకత్తె ఉంది. కకారమే.

తెనాలి వాణ్ణి:
ఉకారమే కదా కావాలి? పోటుగాడు. ప్రాసతో సహా ఇచ్చాను. పోటుకి పోటుగత్తె అయినప్పుడు ఓటుకి ఏం రోగం?

బాలవ్యాకరణ బాధితుడు:
పోటుగత్తె అని తమరు కాక ఇంకెవరన్నా అన్నారా?

పాత సంచిక:
ఇద్దరూ తోక పట్టుకుని లాగుతున్నారు. ఆ తోక పుట్టిందే ఎగతాళికి. 1906లో డెయిలీ మెయిల్ 'సఫ్రజెట్' అన్నది వెక్కిరించడానికే, చివర 'ఎట్' తగిలిస్తే బుల్లిది, ఉత్తుత్తిది అని. అప్పటికే ఉన్న మిలిసెంట్ ఫాసెట్ వర్గం సఫ్రజిస్టులు. అర్జీలు, సభలు, ఎంపీల చుట్టూ తిరగడం వాళ్ళ దారి. 1903లో మాంచెస్టర్‌లో ఎమెలిన్ పాంఖర్స్ట్ పెట్టిన సంఘానికి అంత ఓపిక లేదు. ఆ వెక్కిరింపునే పుచ్చుకుని 1912లో తమ పత్రికకు పేరుగా పెట్టుకున్నారు. 'జె'ని 'గె'గా పలికి, మా పేరులోనే 'గెట్' ఉంది, తెచ్చుకునే తీరతాం అనేవారు. మీ వాక్యం ఆ చమత్కారానికి తెలుగు. 'గెట్'కి 'గత్తె'. రాసినాయన గడుసువాడు.

బాలవ్యాకరణ బాధితుడు:
గడుసువాడైతే 'కత్తె' అనే రాసుంటాడు. అందులో కత్తి వినపడుతుంది కదా! 1912 మార్చిలో లండన్ నడిబొడ్డున దుకాణాల అద్దాలు సుత్తులతో పగలగొట్టినవాళ్ళకి పరుషాలైన క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలయ్యే గసడదవాదేశంతో మెత్తబడ్డ 'గ' ఏం నప్పుతుంది?

పాత సంచిక:
గసడదవాదేశం ప్రథమావిభక్తి మాట మీది పరుషాలకండీ. ఇక్కడ 'కత్తె' ప్రత్యయం. సూత్రాన్ని చోటు కాని చోటికి లాక్కురాకండి. వచ్చినా అందులో 'బహుళముగా' ఉంది, అంటే ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు అని. అదేమైంది?

నల్లగొండ నుంచి:
అద్దాల దాకా ఎందుకు పోయారో కూడా చూడాలి సార్. 1905 అక్టోబరులో మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో లిబరల్ పార్టీ సభ. 'లిబరల్ పార్టీ ఆడవాళ్ళకు ఓటు ఇస్తుందా' అని పెద్ద గుడ్డ మీద రాయించి పై గ్యాలరీ నుంచి వేలాడదీద్దామనుకున్నారు పాంఖర్స్ట్ సంఘం వాళ్ళు. గ్యాలరీలో సీట్లు దొరకలేదు. కింద కూర్చుని అంత గుడ్డ ఎవరు పరుస్తారు? కోసేశారు. మిగిలింది 'ఆడవాళ్ళకు ఓటు', వాళ్ళ భాషలో మూడే మాటలు. అదే దేశమంతా పాకిన నినాదం! ప్రశ్న అడిగిన ఎమెలిన్ కూతురు క్రిస్టబెల్ పాంఖర్స్ట్‌నీ, ఆనీ కెన్నీనీ బయటికి ఈడ్చేశారు. జరిమానా కట్టం పొమ్మని ఒకరు 7 రోజులు, ఇంకొకరు 3 రోజులు జైల్లో కూర్చున్నారు. సభలో మర్యాదగా జవాబు చెప్పుంటే ఇంత పేరు వచ్చేదే కాదు. అంత గోల చేసినవాళ్ళని కత్తె అన్నా గత్తె అన్నా పట్టించుకోరు.

తెనాలి వాణ్ణి:
నినాదమంటే గుర్తొచ్చింది. ఆ సంఘం అసలు మాట 'మాటలు కాదు, చేతలు'. మన గురజాడ 1910లో అన్నది అదే కదా! "వొట్టి మాటలు కట్టిపెట్టోయ్, గట్టి మేల్ తలపెట్టవోయ్." ఆ 'మేల్'లో పొల్లు చూడండి, లకారం దగ్గర టక్కున ఆగి, మళ్ళీ తకారంతో ఎత్తుకుంటాడు. ఇంకొకడైతే 'మేలు' అని సాగదీసి చెడగొట్టేవాడు.

వంటింటి నిఘంటువు:
అది 'ఓయ్' అండీ, మగవాణ్ణి పిలిచే పిలుపు. ఆడవాళ్ళెక్కడున్నారు అందులో? పైగా తలపెట్టడమంటే మనసులో అనుకోవడం. చెయ్యడం కాదు. పాంఖర్స్ట్ ఒప్పుకోదు.

తెనాలి వాణ్ణి:
మా నాన్నగారు మా అమ్మని జీవితాంతం 'ఏమోయ్' అనే పిలిచారు. తలపెట్టిన పని అంటే పూనుకున్న పనే తల్లీ, అనుకుని ఊరుకున్నది కాదు.

వంటింటి నిఘంటువు:
మీ అమ్మగారు ఆయన్ని తిరిగి 'ఏమోయ్' అన్నారా?

మదనపల్లె టమాటా:
మా ఊరి సంగతి ఎవరూ ఎత్తలేదు. డబ్లిన్ కోటలో అద్దాలు పగలగొట్టి, 1913లో టల్లమోర్ జైల్లో నిరాహారదీక్ష చేసిన మార్గరెట్ కజిన్స్ 1915లో ఇండియా వచ్చి మదనపల్లెలో ఉన్నారు. భర్త ఇక్కడి కాలేజీలో పనిచేసేవారు. 1919లో ఠాగూరు వచ్చినప్పుడు జనగణమనకి స్వరాలు రాసిపెట్టింది ఆవిడే. ఈ దేశంలో ఓటు కోసం మాత్రం ఒక్క అద్దం పగలగొట్టలేదు! 1917 డిసెంబరులో మద్రాసులో ఇండియా వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగు దగ్గరికి సరోజినీ నాయుడు ముందు నడిచి వెళ్ళిన బృందాన్ని కూడగట్టింది ఈవిడ. చేతిలో ఉన్నది అర్జీ. 1921లో మద్రాసు శాసనమండలి ఓటు ఇచ్చింది, ఆస్తి ఉన్న ఆడవాళ్ళకే లెండి. నా లెక్కలో ఆవిడ డబ్లిన్‌లో కత్తె, మదనపల్లెలో గత్తె.

పాత సంచిక:
లెక్క బాగానే ఉంది గానీ, 1932లో మద్రాసులో అరెస్టయి వెల్లూరు జైలుకి వెళ్ళింది కూడా ఆవిడే. మళ్ళీ కత్తె అంటారా?

గోదారి గట్టు:
అన్నీ బాగున్నాయండీ. ఇంతకీ 'క'నా, 'గ'నా?

బాలవ్యాకరణ బాధితుడు:
ముందు పోటుగత్తె ఏ పుస్తకంలో ఉందో తెనాలివారు చూపించాలి. ఆ తరవాతే మీ ప్రశ్న.

తెనాలి వాణ్ణి:
నిఘంటువు తీస్తున్నాను. ఈలోగా మీ సొగసుకత్తె పక్కన సొగసుగాడు ఏం చేస్తున్నాడో సెలవివ్వండి.