అప్‌డేట్: అల్వాలో ఆ తెలియని పీక్ ఏమిటో తేలింది

విశాఖ తీరపు రాళ్ల మీద సేకరించిన అల్వా ఫేషియేటా అనే ఆకుపచ్చ సముద్రపు నాచు నుంచి కొవ్వు తీసి, తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చి, గ్యాస్ క్రొమటోగ్రఫీలో (ఆవిరి రూపంలో భాగాలను విడదీసే పద్ధతి) పెడితే 18:0 (18 కార్బన్లు, ద్విబంధాలు లేని కొవ్వు ఆమ్లం) దగ్గర పేరు తెలియని పెద్ద పీక్, అంటే గ్రాఫులో శిఖరం, వస్తోందని ఇంతకుముందు అడిగాను. ప్లాస్టిక్ నుంచి వచ్చిన థాలేట్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం) కావచ్చని కొందరన్నారు. కాదు. థాలేట్ అయితే, అణువు ముక్కల బరువులను చూపే మాస్ స్పెక్ట్రమ్‌లో 149 కొట్టొచ్చినట్లు కనిపించాలి. ఇక్కడ దాని జాడే లేదు. 79 అన్నిటికంటే ఎత్తుగా ఉంది, పక్కన ఒమేగా-3కి గుర్తయిన 108 ఉంది, మొత్తం అణువు బరువును చూపే 262 దగ్గర చిన్న గీత. అంటే 16 కార్బన్లు, నాలుగు ద్విబంధాలు, ఒమేగా-3 రకం: 16:4.

అయినా స్పెక్ట్రమ్ ఒక్కదాన్నే నమ్మబుద్ధి కాలేదు. హైడ్రోజనేషన్ (ద్విబంధాలను హైడ్రోజన్‌తో నింపడం) చేయమన్న మిత్రునికి వెయ్యి దండాలు. పెల్లేడియం పూసిన బొగ్గుతో హైడ్రోజన్ పట్టించాక ఆ పీక్ పూర్తిగా మాయమై, 16:0 వాటా అంత మేరా పెరిగింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నిజానికి ఆకుపచ్చ నాచుల్లో, ముఖ్యంగా అల్వా జాతిలో, 16:4 మామూలే. నా దగ్గరున్న ప్రమాణ మిశ్రమంలో (పోల్చి చూసేందుకు వాడే, పేర్లు తెలిసిన కొవ్వు ఆమ్లాల కలగలుపు) అది లేకపోవడంతోనే ఇంత తిప్పలు. ఎర్ర నాచు గ్రాసిలేరియా కార్టికేటాను కూడా ఇదే పద్ధతిలో చూశాను: అక్కడ 16:4 ఊసే లేదు, 16:0 తర్వాత అరాకిడోనిక్ ఆమ్లానిదే (20 కార్బన్లు, నాలుగు ద్విబంధాలున్న కొవ్వు ఆమ్లం) పెత్తనం.

ఇక ఎండబెట్టే సంగతి: ఈసారి నమూనాలను ఎండలో కాకుండా ఫ్రీజ్ డ్రయర్‌లోనే (గడ్డకట్టించి శూన్యంలో నీటిని తీసే యంత్రం) ఆరబెడుతున్నాను. ఇన్ని ద్విబంధాలున్న కొవ్వుకు ఎండా గాలీ రెండూ శత్రువులే.