స్కూల్ బోర్డు మీటింగులో మూడు నిమిషాలు మాట్లాడాలి, సలహా ఇవ్వండి

నమస్కారం. మేం టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం. పిల్లల బస్సు రూటు తీసేసే విషయం వచ్చే సోమవారం బోర్డు అజెండాలో ఉంది. మాట్లాడతానని పేరిచ్చేశాను, ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

అజెండాలో ఉన్న అంశం మీద, అది చర్చకు రాకముందో చర్చ జరిగేటప్పుడో జనాన్ని మాట్లాడనివ్వాలని 2019లో ఇక్కడ చట్టం తెచ్చారు. అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్లకు రెట్టింపు సమయమట. నాకు ఇంగ్లిష్ వచ్చు, మైకు ముందు గొంతే పెగలదు! రాసుకున్నది చదివితే ఐదు నిమిషాలు దాటుతోంది. మా అమ్మాయి టైమర్ పెట్టి మరీ నవ్వుతోంది.

ఇదివరకు మాట్లాడినవాళ్లు చెప్పండి: కాగితం చూసి చదివితే చులకనగా చూస్తారా? నలుగురు తల్లిదండ్రులం ఒకే మాట చెప్పాలా, తలా ఒక ముక్క పంచుకోవాలా? ముందే మెయిల్ పంపితే ట్రస్టీలు (బోర్డు సభ్యులు) చదువుతారా?