మూతపడిన గోడౌన్లోకి వెళ్ళి ఫోటోలు తీసుకుంటే తప్పేంటి?

పిట్టగోడ:
వేరే గ్రూపులో నిన్నటి నుంచి తిట్లు తింటున్నాను. ఇక్కడన్నా కాస్త నిదానంగా మాట్లాడతారని అడుగుతున్నా.

పోయిన ఆదివారం నేను, ఇంకో ఇద్దరు స్నేహితులు కలిసి గుంటూరు శివార్లో మూతపడిన ఒక పొగాకు గోడౌన్లోకి వెళ్ళాం. వెనక ప్రహరీ ఒకచోట కూలిపోయి ఉంది, అక్కడి నుంచి. తాళం పగలగొట్టలేదు, చీపురుపుల్ల కూడా బయటికి తేలేదు. రెండు గంటలు తిరిగి, నలభై ఫోటోలు తీసుకుని వచ్చేశాం. ఎన్నాళ్ళ నుంచి మూసి ఉందో గానీ అడుగు పెట్టగానే పొగాకు ఘాటు ముక్కుకి తగిలింది. పైన పగిలిన రేకులోంచి ఎండ పడి ఆ వెలుతురులో దుమ్ము ఆడుతోంది. గోడ మీద సున్నంతో వేసిన నంబర్లు, ఒక వరసలో ఇనుప కొక్కేలు. ఆ ఫోటోలు పెట్టానో లేదో, 'దొంగతనానికి రెక్కీ' అన్నాడొకడు. 'పనీపాటా లేని వెధవలు' అన్నారొక పెద్దాయన.

దీన్ని అర్బన్ ఎక్స్‌ప్లోరింగ్ అంటారు. మా వాళ్ళు కుదించి అర్బెక్స్ అంటారు. నేను కనిపెట్టింది కాదు. టొరంటోలో జెఫ్ చాప్‌మన్ అనే కుర్రాడు 1996లో దీనికోసమే ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. జనాన్ని రానివ్వని సొరంగాలు, బేస్‌మెంట్లు, పాడుబడ్డ భవనాలు, అదే అతని లోకం. 2005లో క్యాన్సర్‌తో పోయాడు, అప్పటికి 31 ఏళ్లే. దొంగతనం చేయకూడదు, ఏదీ పగలగొట్టకూడదు, గోడల మీద రాతలు రాయకూడదు అని గట్టిగా చెప్పేవాడు. మేమూ అదే పాటిస్తాం.

ఎవరికీ నష్టం లేనప్పుడు ఇందులో తప్పేముంది?

వన్‌టౌన్:
తలుపు తట్టి వెళ్తే తప్పు లేదు తమ్ముడూ.

నల్లకోటు:
తప్పా ఒప్పా అన్నది మీరు తేల్చుకోండి, చట్టం సంగతి నేను చెప్తాను. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అక్రమ ప్రవేశం అందులో 329వ సెక్షన్, పాత ఐపీసీలో 441, 447. ఇంకొకరి ఆధీనంలో ఉన్న స్థలంలో కాలు పెట్టినంత మాత్రాన అది క్రిమినల్ నేరం కాదు. అక్కడ నేరం చేయాలనో, ఆ స్థలం వాళ్ళను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. రుజువైతే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. అదే నివాసమో, గుడో, సామాను భద్రపరిచే కట్టడమో అయితే జైలు ఏడాది వరకు. గోడౌను కట్టేదే సామాను భద్రపరచడానికి. మరి ఖాళీ గోడౌను ఆ లెక్కలోకి వస్తుందా అంటే, నా బోటివాడు దాని మీద నాలుగు వాయిదాలు నడపగలడు. కాపలావాళ్ళ కంట పడకుండా నక్కి వెళ్ళారని తేలితే 331 వస్తుంది. అదీ పొద్దుగూకాక అయితే 3 ఏళ్ల వరకు.

ఇవన్నీ ఉద్దేశం మీద ఆధారపడ్డవి. రైల్వే స్థలానికి ఆ వెసులుబాటు లేదు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా వెళ్ళడమే నేరం, 6 నెలల వరకు జైలు. బెజవాడ యార్డులో తుప్పు పట్టిన వ్యాగన్లు ఫోటోకి బాగుంటాయని మాత్రం వెళ్ళకు బాబూ.

పిట్టగోడ:
అంటే గోడౌను విషయంలో నేను నేరస్తుడిని కాదన్నమాట. థాంక్స్ సార్.

నల్లకోటు:
నీ ఉద్దేశం మంచిదని నాకు చెప్తే సరిపోదు. గోడ మీద ఒక కాలు అటు, ఒక కాలు ఇటు ఉండగా ఎస్సై గారికి చెప్పుకోవాలి.

రేకులషెడ్డు:
నేను సివిల్ ఇంజనీరుని. పాతికేళ్లుగా ఇలాంటి షెడ్లు కట్టించాను, కొన్ని కూల్పించాను కూడా. చట్టం కంటే ముందు నీకు రేకుల గురించి చెప్పాలి.

నీ ఆరో ఫోటో పైనుంచి తీసినట్టుంది. అంటే కప్పు ఎక్కావు. అవి సిమెంటు రేకులు. ఎండకు ఎండి, వానకు నాని, పైకి గట్టిగానే కనిపిస్తాయి, కాలు పెట్టాక గానీ తెలియదు. మా పనివాళ్ళు కూడా నిచ్చెనో పలకో వేసుకుని, కింద ఇనుప ఛానల్ ఉన్నచోట, బోల్టుల వరస మీదే అడుగేస్తారు. రెండు బోల్టుల వరసల మధ్య కాలు పెడితే నేరుగా గచ్చు మీదికే. గోడౌను కప్పు ఎత్తు ఇరవై అడుగుల పైమాటే. ఇంకో సంగతి, ఆ పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ముక్కలైతే దాని నూగు గాల్లో కలుస్తుంది. కంటికి కనపడదు, ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. జేబురుమాలు అడ్డం పెట్టుకుంటే ఆగేది కాదు.

ఇక సంపులు, సెల్లార్లు. ఏళ్లుగా మూత తీయని గుంతలో గాలి ఉంటుందని ఎవరు చెప్పారు? మామూలు గాల్లో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది, 19.5 కిందికి పడితే చాలు, ప్రమాదం మొదలు. సెప్టిక్ ట్యాంకుల చావుల వార్తలు చదువుతూనే ఉన్నాం కదా, మొదటివాడు పడిపోతాడు, వాణ్ణి లాగుదామని దిగిన రెండోవాడు కూడా పోతాడు. మెల్‌బోర్న్‌లో వాననీటి సొరంగాల్లో తిరిగే బృందం 1986 నుంచి ఉంది. వాన పడే సూచన ఉంటే కాలువలోకి దిగకూడదన్నది వాళ్ళ మొదటి సూత్రం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌లోకి ఎలా వచ్చిందో చూశాం. మన ఊరి డ్రెయిన్లలో ఎవరన్నా సరదాగా దిగుతానంటే నేనే కాళ్ళు విరగ్గొడతా.

పాముల గురించి చెప్పను, ఇంట్లోవాళ్ళు చెప్పే ఉంటారు.

వన్‌టౌన్:
మన ఊళ్ళో సొరంగం చూడాలంటే చిట్టినగర్ సొరంగం ఉంది. ఆటోలో కూర్చునే ఎక్స్‌ప్లోర్ చేయొచ్చు, షేర్ ఆటో అయితే అడ్వెంచర్ కూడా.

బీసెంట్‌రోడ్:
అందరూ కుర్రాణ్ణి భయపెడుతున్నారు, నేను వాడి పక్షం. నాకు అరవై దాటాయి, నేనేం గోడలు దూకను.

బెజవాడలో నేను సినిమాలు చూసిన హాళ్ళు సగం ఇప్పుడు లేవు. ఒకటి షాపింగ్ కాంప్లెక్స్ అయింది, ఇంకోటి పార్కింగ్. కూల్చే ముందు వాటి లోపల ఎవరన్నా తిరిగి, ప్రొజెక్టర్ గది ఎలా ఉండేది, నేల టికెట్టు బెంచీలు ఎలా ఉండేవి అని నాలుగు ఫోటోలు తీసి పెట్టారా? యజమానులకు అక్కర్లేదు, ప్రభుత్వానికి అసలే అక్కర్లేదు. ఉండవల్లి గుహలకూ మొగల్రాజపురం గుహలకూ పురావస్తు శాఖ ఉంది. పొగాకు గోడౌనుకి ఎవరున్నారు?

పారిస్ కింద పాత రాతిగనుల సొరంగాలు కొన్ని వందల కిలోమీటర్లున్నాయి. వాటిల్లోకి వెళ్ళడం 1955 నుంచి నిషేధం. అయినా దిగుతూనే ఉన్నారు. 2004లో పోలీసులు తనిఖీకి దిగితే కింద ఎవరో కరెంటుతో సహా ఏర్పాటు చేసుకున్న సినిమా హాలు కనిపించింది! ఆ బాపతు మనుషులే పారిస్‌లోని పాంథియోన్ అనే చారిత్రక భవనంలోకి రహస్యంగా వెళ్ళి, దశాబ్దాలుగా ఆగిపోయిన గడియారాన్ని నెలల తరబడి కూర్చుని బాగుచేశారు. 2006లో పని పూర్తయ్యాక వాళ్ళే వెళ్ళి చెప్పారు. అధికారులు సంతోషించాల్సింది పోయి కేసు పెట్టారు, అది కోర్టులో నిలవలేదు. గడియారం పాడవుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్ళది తప్పా, గోడ దూకి బాగుచేసినవాళ్ళది తప్పా?

రేకులషెడ్డు:
బాబాయ్ గారూ, వాళ్ళు గడియారం బాగుచేశారు. మనవాడు ఏం బాగుచేశాడు?

తుళ్ళూరు రైతు:
నాదొక సందేహం. 2019 తర్వాత అమరావతిలో రాజధాని పనులు ఆగిపోయినప్పుడు సచివాలయం టవర్ల పునాదులు చెరువులయ్యాయి. సగం కట్టిన క్వార్టర్ల చుట్టూ సర్కారు తుమ్మ మొలిచింది. 2024లో ఐఐటీ వాళ్ళు వచ్చి పరీక్షించేదాకా, ఆ నీళ్ళు తోడేదాకా అదే పరిస్థితి. ఈ మధ్యలో ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వచ్చి డ్రోన్లు ఎగరేసుకుని, 'దెయ్యాల నగరం' అని వీడియోలు పెట్టారు. లక్షల మంది చూశారట.

రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌లో రైతులం 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చాం, అందులో నావి రెండు. రోజూ సాయంత్రం మా గేదెలు ఆ బిల్డింగుల పక్కనే మేసేవి, వాటిని తోలుకు రావడానికి నేను ఆ పిల్లర్ల మధ్యకి పోయేవాణ్ణి. నేను పోతే గేదెల కోసం, ఆ కుర్రాడు పోతే ఎక్స్‌ప్లోరింగు. ఎవరికి అనుమతి ఉన్నట్టు? నేను అన్నం తిన్న భూమిని దెయ్యాల నగరం అనే హక్కు వాడికి ఎవరిచ్చారు? లోపలికి వచ్చినందుకు నాకు కోపం లేదు, ఆ పేరు పెట్టినందుకు ఉంది.

పిట్టగోడ:
మీరు చెప్పింది నిజమే పెద్దాయనా. మేం అలాంటి దెయ్యాల వీడియోలు చేయం.

నల్లపాడు అమ్మాయి:
చేశారు. మీ పేజీలో పదిహేడో ఫోటో చూశాను. వరసగా ఇనుప కొక్కేలు. కింద మీరు రాసింది: 'ఇక్కడ ఏం జరిగిందో ఈ గోడలకే తెలుసు.' దాని కింద వందల మంది ఉరి, ఆత్మ, చేతబడి అని కథలు అల్లుతున్నారు.

అక్కడ ఏం జరిగిందో మా అమ్మకి కూడా తెలుసు. అది గ్రేడింగ్ హాలు. ఆ కొక్కేలకు అన్నం క్యారియర్లు తగిలించేవాళ్ళు. కింద పెడితే ఎలుకలు, పైన పెడితే పొగాకు దుమ్ము, అందుకని తువ్వాలు చుట్టి తగిలించేవాళ్ళు. సున్నం నంబర్లు మనుషులు కూర్చునే వరసలవి. పొద్దున వెళ్ళి ఆ వరసలో కూర్చుంటే సాయంత్రం దాకా ఆకు రంగు చూడటం, మచ్చ చూడటం, ఏ రకానికి ఆ రకం కట్టగా వేరు చేయడం. అమ్మ పద్నాలుగు సీజన్లు చేసింది. ఇంటికొస్తే చీరకి అదే వాసన, మా చిన్నప్పుడు అమ్మ వాసనంటే మాకు అదే. తర్వాత మా వైపు నల్లరేగడిలో మిర్చి, పత్తి పెరిగాయి, పొగాకు ప్రకాశం, నెల్లూరు వైపు జరిగిపోయింది. పొగాకు బోర్డు ఆఫీసు 1976 నుంచి గుంటూరులోనే ఉంది, ఆ గోడౌన్లో మాత్రం పని లేకుండా పోయింది. ఒక సీజన్‌కి రమ్మని కబురు రాలేదు. మూసేశామని కూడా ఎవరూ చెప్పలేదు, ఆఖరి రెండు వారాల డబ్బులూ ఇవ్వలేదు.

మీరు గోడ దూకారా, గేటు నుంచి వెళ్ళారా నాకు అనవసరం. పక్క వీధిలో టీ కొట్టు ఉంది, అక్కడ కూర్చునే ఆడవాళ్ళలో సగం మంది ఆ హాల్లో పనిచేసినవాళ్ళే. ఒక్క టీ తాగి అడిగి ఉంటే నలభై ఫోటోలకీ నలభై సంగతులు చెప్పేవాళ్ళు.

బీసెంట్‌రోడ్:
అమ్మా, మీరు రాసింది చదివాక ఒక మాట. ఆ ఫోటో లేకపోతే ఈ క్యారియర్ల సంగతి మాకు తెలిసేదా?

నల్లపాడు అమ్మాయి:
తెలిసేది కాదు. నేను ఒప్పుకుంటాను. అందుకే ఫోటో తీసేయమనలేదు.

రాత్రి డ్యూటీ:
నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే క్షమించాలి. ఆటోనగర్ అవతల మూతపడిన ఒక ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌ని. పన్నెండు గంటల డ్యూటీ. పోయిన ఏడాది ఇట్లాగే ముగ్గురు వచ్చారు. నాకు తెలీదు, అవతలి పక్క నుంచి దిగారు. నేను కుర్చీలో కునుకు తీస్తుంటే వీడియో తీసి, నవ్వే బొమ్మలు పెట్టి వదిలారు. అది మా ఏజెన్సీ సూపర్‌వైజర్ చూశాడు, నాలుగు రోజుల జీతం కోశారు. అది పోతే పోనీ. ఆ వీడియోలో లోపల ప్యానెల్ బోర్డు, దాని పక్కన కేబుల్ చుట్టలు కనపడ్డాయి. నెల తిరక్కుండా రాగి కేబుల్ మొత్తం కోసుకుపోయారు. ఆ ముగ్గురు దొంగలని నేను అనను. దొంగకి దారి, ఎక్కడ ఏముందో అంతా చూపించింది ఆ వీడియోనే. స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టింది మాత్రం నన్ను.

ఎవరికీ నష్టం లేదని మొదట్లో రాశారు గదా బాబూ, అందుకని చెప్పాను.

పిట్టగోడ:
అన్నా, ఇది నేను ఆలోచించలేదు. నిజంగా. మేం వెళ్ళిన చోట కూడా ముందు గేటు దగ్గర ఒకాయన ఉన్నారు, ఆయన చూడకూడదనే వెనక నుంచి వెళ్ళాం. ఊరి పేరు, మ్యాప్ గుర్తు ఇప్పుడే తీసేశాను.

రాత్రి డ్యూటీ:
రెండో ఫోటోలో గేటు కనపడతంది.

పిట్టగోడ:
తీసేశాను.

కానీ ఒకటి చెప్పాలి. అడిగితే లోపలికి రానిస్తారని మీరందరూ అనుకుంటున్నారు. ఇంతకుముందు మూడు చోట్ల అడిగాను. ఒకచోట యజమాని హైదరాబాద్‌లో ఉంటారట, ఫోన్ నంబర్ ఇవ్వరు. ఒకచోట అన్నదమ్ముల మధ్య కేసు నడుస్తోంది, ఎవరు అనుమతి ఇవ్వాలో వాళ్ళకే తెలీదు. మూడో చోట ఐదొందలు అడిగారు. అడిగే వెళ్ళాలంటే ఏ ఫోటో ఉండదు. బాబాయ్ గారి సినిమా హాళ్ళలాగే అవీ పోతాయి.

నల్లకోటు:
మూడో చోట ఐదొందలు ఎవరికి ఇచ్చినట్టు?

పిట్టగోడ:
ఇవ్వలేదు సార్. అక్కడా గోడే దూకాను.

వన్‌టౌన్:
హహ్హ. వీడు మారడు.

రేకులషెడ్డు:
మారకపోయినా సరే, రేకులు మాత్రం ఎక్కొద్దు. బూట్లు వేసుకో, ఇంట్లో ఒకరికన్నా ఎక్కడికెళ్తున్నావో చెప్పి వెళ్ళు. అవసరమైతే నన్ను పిలువు, నేను కింద నిలబడి ఏది ఆగుతుందో ఏది కూలుతుందో చెప్తాను. గేటు నుంచి వెళ్తేనే సుమా.

నల్లపాడు అమ్మాయి:
ఆ పదిహేడో ఫోటో పెద్ద సైజులో పంపగలరా? అమ్మకి ఫోన్లో చిన్నగా కనిపిస్తోంది.

పిట్టగోడ:
మెసేజ్‌లో పంపాను అక్కా. కింద రాసింది తీసేసి, 'గ్రేడింగ్ హాలు, క్యారియర్లు తగిలించే కొక్కేలు' అని పెట్టాను. అమ్మగారికి ఒకసారి లోపలికి వెళ్ళి చూడాలని ఉంటే, ఈసారి గేటు దగ్గర ఆయన్ని నేనే అడుగుతాను.

నల్లపాడు అమ్మాయి:
అడిగాను. 'మళ్ళీ ఆ ఘాటులోకా, నాకేం పని' అంది. ఫోటో మాత్రం రాత్రి చాలాసేపు చూసింది. కుడి వైపు నుంచి ఆరో కొక్కెం తనదట. ఏడోది రమణమ్మ పిన్నిదని, రోజూ ఆవిడ పచ్చడి నూనె కారి అమ్మ తువ్వాలకి అంటేదని ఇప్పటికీ కోపంగానే చెప్తోంది.